ఖర్జూరపు మట్టల కప్పు కింద: మదీనాలోని ప్రవక్త మసీదు పవిత్రత ఎక్కడుంది?

రంజాన్ నెల ఇరవై ఒకటో రాత్రి మదీనాలో వాన పడింది. మసీదు కప్పు ఖర్జూరపు మట్టలతో వేసింది. ఎండకు నీడ ఇస్తుందే కానీ వాననేం ఆపుతుంది? ప్రవక్త ముహమ్మద్ నమాజు చేసే చోటే నీళ్లు కారాయి. తెల్లవారుజామున నమాజు ముగించి ఆయన జనం వైపు తిరిగేసరికి నుదుటి మీదా ముక్కు మీదా బురద అంటుకుని ఉంది. దాన్ని కళ్లారా చూసిన సహచరుడు అబూ సయీద్ ఖుద్రీ తర్వాతివాళ్లకు చెప్పారు. ప్రవక్త మాటలనూ చేతలనూ నమోదు చేసిన కథనాలను హదీసులంటారు. వాటిలో ముస్లింలు అత్యంత ప్రామాణికంగా భావించే బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఆ మాట ఉంది.

ఆ రాత్రి మామూలు రాత్రి కాదు. వెయ్యి నెలల కన్నా మేలైనదని ఖురాన్ చెప్పే లైలతుల్ ఖద్ర్ అదేనని అబూ సయీద్ ఉద్దేశం. నీళ్లలో, బురదలో తాను సజ్దా (నుదురు నేలకు ఆనించడం) చేస్తున్నట్టు ఆ రాత్రి గురించి తనకు కల వచ్చిందని ప్రవక్త ముందే చెప్పి ఉన్నారు. ఏడాది మొత్తంలో అతి పవిత్రమైన రాత్రికి గుర్తు నుదుటి మీది బురద అయింది. మస్జిదె నబవీ, అంటే ప్రవక్త మసీదు, ముస్లింల మనసులో ఎందుకంత ఎత్తులో ఉందో తెలుసుకోవాలంటే నేటి పాలరాతి ప్రాంగణం కన్నా ముందు ఈ బురద దగ్గర కాసేపు ఆగాలి.

ఇక్కడో చిక్కు ప్రశ్న ఉంది. అల్లాహ్ నేలంతటినీ నా కోసం మసీదు చేశాడని ప్రవక్తే చెప్పారు. మసీదు అన్న మాటకు మూలమైన అరబ్బీ ‘మస్జిద్’కు అర్థం సజ్దా చేసే చోటు, నుదురు నేలకు ఆనించే చోటు. పొలం గట్టు మీద తువ్వాలు పరిచి నమాజు చేసినా, రైల్వే ప్లాట్‌ఫారం మీద ఓ మూలన నిలబడి చేసినా అది నమాజే. దేవుడు ఫలానా గోడల మధ్యే ఉంటాడన్న భావనకు ఇస్లాంలో చోటు లేదు. మరి అదే ప్రవక్త, ‘నా ఈ మసీదులో చేసే ఒక నమాజు మస్జిదుల్ హరామ్ తప్ప మిగతా మసీదుల్లో చేసే వెయ్యి నమాజుల కన్నా మేలు’ అని ఎందుకు చెప్పారు? ప్రత్యేకించి ప్రయాణం కట్టాల్సిన మసీదులు మూడే అంటూ మక్కాలోని మస్జిదుల్ హరామ్, జెరూసలేంలోని మస్జిదె అఖ్సాతో పాటు దీన్ని ఎందుకు చేర్చారు?

జవాబు మసీదు పుట్టుకలోనే కొంత దొరుకుతుంది.

క్రీస్తుశకం 622లో మక్కా విడిచి వచ్చిన ప్రవక్త ముందు ఊరి చివర ఖుబాలో ఆగారు. అక్కడా ఒక మసీదుకు పునాది వేసి తర్వాత మదీనాలో అడుగు పెట్టారు. మా ఇంట దిగండంటే మా ఇంట దిగండని ప్రతి తెగా పట్టుబట్టింది. ఎవరిని కాదన్నా ఇంకొకరి మనసు నొచ్చుకునే పరిస్థితి. ఒంటెను దాని దారిన వదిలేయండి, దానికి ఆజ్ఞ అందిందని ఆయన అన్నారు. ఖస్వా అనే ఆ ఒంటె ఖర్జూరాలు ఆరబోసే ఒక కళ్లంలో మోకరిల్లింది. ఆ నేల సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ పిల్లలది. ఊరికే ఇస్తామన్నా ప్రవక్త ఒప్పుకోలేదు, వెల కట్టి కొన్నారు. మసీదుకు మొదటి పునాది రాయి ఈ నిర్ణయమేనని చెప్పాలి. దేవుడి పేరుతోనైనా సరే, తండ్రి లేని పిల్లల సొత్తు ఉచితంగా పుచ్చుకోకూడదు.

స్థలంలో కొన్ని ఖర్జూరపు చెట్లు, పాత సమాధులు, కూలిన గోడలు ఉండేవి. అంతా చదును చేశారు. చెట్లు కొట్టి ఖిబ్లా వైపు వరసగా నిలబెట్టారు. పచ్చి ఇటుకల గోడలు లేచాయి, ఖర్జూరపు మొద్దులు స్తంభాలయ్యాయి. ప్రవక్త అందరితో కలిసి ఇటుకలు మోశారు. మోస్తూ పాడుకున్న పనిపాట కూడా మిగిలింది. ఇది ఖైబర్ బరువు కాదు ప్రభూ, అంతకన్నా పుణ్యమైంది, శుద్ధమైంది అని అందులో ఓ మాట. ఖైబర్ అంటే ఖర్జూరాలకు పేరుపడ్డ ఊరు. అక్కడి నుంచి వచ్చే మూటలు అమ్ముకుంటే డబ్బు వస్తుంది. ఈ ఇటుకల బరువు అలాంటిది కాదని ఆ పాట సారం.

మొదట్లో ఖిబ్లా, అంటే నమాజులో ముఖం పెట్టే దిక్కు, ఉత్తరాన జెరూసలేం వైపు ఉండేది. పదహారో పదిహేడో నెలలు అలాగే సాగింది. 624లో మక్కాలోని కాబా వైపు తిరగమని ఖురాన్ ఆజ్ఞ వచ్చింది. మదీనా నుంచి మక్కా దక్షిణాన ఉంది. కాబట్టి మసీదు ముందువైపు కాస్తా వెనకవైపు అయింది. ఖాళీ పడిన ఆ ఉత్తరపు భాగానికి నీడపట్టు వేసి, ఇల్లూ వాకిలీ లేని వాళ్లకు వదిలేశారు. అదే సుఫ్ఫా. తెలుగులో దగ్గరి మాట చెప్పాలంటే అరుగు. నిన్నటిదాకా అందరి ముఖాలూ తిరిగిన ఆ దిక్కున ఈరోజు పేదవాడు నడుం వాల్చాడు. మసీదు చరిత్రలో ఇంతటి అర్థవంతమైన మార్పు మరొకటి లేదు.

సుఫ్ఫా మీద ఉండేవాళ్లలో డెబ్బై మందిని చూశానని, వాళ్లలో ఒక్కరికీ పై వస్త్రం లేదని సహచరుడు అబూ హురైరా చెప్పారు. ఉన్న ఒక్క గుడ్డనే మెడకు ముడేసుకునేవారట. కొందరికి పిక్కల సగం దాకా, కొందరికి చీలమండల దాకా వచ్చేది. ఒళ్లు బయటపడకుండా చేత్తో దగ్గరకు పట్టుకునేవారు. అబూ హురైరా కూడా ఆ అరుగు మీది మనిషే. ఒకరోజు ఆకలికి తాళలేక కడుపుకు రాయి కట్టుకుని దారిలో కూర్చున్నారు. ప్రవక్త స్నేహితుడు అబూ బక్ర్ అటుగా వెళ్తుంటే ఖురాన్ వాక్యం ఒకటి అడిగారు. వాక్యం తెలియక కాదు, మాటల్లో పెట్టి ఇంటికి పిలుస్తారేమోనన్న ఆశ. ఆయన చెప్పి వెళ్లిపోయారు. మరో సహచరుడు ఉమర్ విషయంలోనూ అంతే. తర్వాత వచ్చిన ప్రవక్త ముఖం చూడగానే గ్రహించి నవ్వారు, వెంట రమ్మన్నారు. ఇంట్లో ఎవరో పంపిన పాలు ఒక గిన్నెలో ఉన్నాయి. వెళ్లి సుఫ్ఫా వాళ్లందరినీ పిలుచుకు రమ్మన్నారు.

అబూ హురైరా మనసులో కలిగిన బాధను దాచుకోలేదు. ఇన్ని పాలు అంతమందికి ఏ మూలకు, ఒక గుక్క నాకు దక్కితే ఒంట్లోకి శక్తి వచ్చేది కదా అనుకున్నారు. అయినా చెప్పినట్టే పిలిచారు. గిన్నె చేతికిచ్చి అందరికీ పోయమన్నారు. ఒక్కొక్కరూ కడుపు నిండా తాగి గిన్నె తిరిగిచ్చారు. చివరికి ఇక మిగిలింది నువ్వూ నేనే అన్నారు ప్రవక్త. కూర్చుని తాగమన్నారు. తాగాక మళ్లీ తాగమన్నారు, మళ్లీ తాగమన్నారు. ఇక చోటు లేదని అబూ హురైరా మొత్తుకున్నాక గిన్నె అందుకుని, దేవుడిని స్తుతించి, మిగిలింది తాను తాగారు. అందరికన్నా చివర.

విశ్వాసులు ఇందులో పాలు తరగకపోవడాన్ని మహిమగా చూస్తారు. ఆ మహిమతో పాటు వరసను కూడా గమనించాలి. ఇచ్చినవాడు ఆఖరున తాగాడు, ఎక్కువ ఆకలిగొన్నవాడు తన చేత్తో ముందు ఇతరులకు పోశాడు. మసీదు నేర్పిన పాఠాలు ప్రసంగాల్లో ఎన్నున్నాయో ఇలాంటి పనుల్లో అన్నున్నాయి.

ఆ మట్టి నేల మీద జరగని పని లేదు. గాయపడిన సాద్ బిన్ ముఆజ్‌కు అక్కడే గుడారం వేశారు. శత్రువైన సుమామాను బందీగా తెచ్చి స్తంభానికి కట్టారు. మూడు రోజులు అక్కడి నమాజులు, మాటలు వింటూ గడిపాడు. వదిలేస్తే వెళ్లి స్నానం చేసి తిరిగొచ్చి ఇస్లాం స్వీకరించాడు. పండుగనాడు హబషీలు, అంటే అబిసీనియా వాళ్లు, బల్లేలతో విన్యాసాలు చేస్తే ప్రవక్త భార్య ఆయిషా ఆయన భుజం చాటు నుంచి తనివితీరా చూశారు. నజ్రాన్ నుంచి వచ్చిన క్రైస్తవ బృందం తమ ప్రార్థన వేళ అయితే ఆ మసీదులోనే తూర్పుకు తిరిగి ప్రార్థించుకుందని తొలినాటి చరిత్రకారుడు ఇబ్న్ ఇస్‌హాక్ రాశారు.

ఒకసారి ఎడారి నుంచి వచ్చిన ఒక బద్దూ మసీదులోనే ఓ మూల మూత్రం పోయడం మొదలుపెట్టాడు. జనం అతని మీదికి ఉరికారు. ప్రవక్త వాళ్లను ఆపారు. అతణ్ని కానివ్వండి, తర్వాత ఒక చేద నీళ్లు పోయండి, మీరు వచ్చింది సులువు చేయడానికే కానీ కష్టపెట్టడానికి కాదు అన్నారు. పవిత్ర స్థలాన్ని కాపాడడమంటే తెలియక తప్పు చేసినవాడిని కొట్టడం కాదని ఇంత సూటిగా చెప్పిన ఘటన అరుదు. నేల శుభ్రపడింది, మనిషి పరువూ నిలిచింది.

మరో కథనంలో మసీదు ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ కనిపిస్తుంది. ఆమె కొన్నాళ్లుగా కనబడకపోయేసరికి ప్రవక్త అడిగారు. చనిపోయిందన్నారు. రాత్రిపూట పోయింది, మిమ్మల్ని లేపడమెందుకని ఖననం చేసేశామని చెప్పారు. ఆమెదేముందిలే అన్న చిన్నచూపు ఆ మాటల వెనక ఉంది. నాకెందుకు చెప్పలేదని ఆయన నిలదీశారు. సమాధి ఎక్కడో చూపించమని వెళ్లి, అక్కడ నిలబడి ఆమె కోసం నమాజు చేశారు.

ఇప్పుడు వెయ్యి నమాజుల మాటకు వస్తే దాని అర్థం తెలుస్తుంది. నేలంతా మసీదే కావచ్చు, కానీ ఆ మాట ఎలా ఆచరించాలో చూపించిన చోటు ఇది. ఇక్కడ నుదురు ఆనిస్తే ఆ బతుకుతో చుట్టరికం కలిసినట్టు విశ్వాసి భావిస్తాడు. అయితే లెక్కల్లో పడి దారి తప్పకుండా సంప్రదాయమే కొన్ని కంచెలు వేసింది. ఇక్కడ ఒక్క నమాజు చేసి, ఎగ్గొట్టిన వెయ్యి నమాజులు తీరిపోయాయనుకోవడానికి వీల్లేదని పండితులు ఒక్క మాటగా చెబుతారు. హెచ్చేది పుణ్యం మాత్రమే, బాధ్యత తగ్గదు. విధిగా చేయాల్సినవి కాక మిగతా నమాజులు ఇంట్లో చేసుకోవడమే మేలని ప్రవక్త చెప్పింది కూడా ఈ మసీదు నీడలో ఉన్న మదీనా జనానికే. వెయ్యింతల మసీదు గోడ పక్కనే ఉన్నా ఇల్లు కూడా నమాజుకు నోచుకోవాలన్నది ఆ మాటలోని మర్మం. తర్వాతి కాలంలో విస్తరించిన భాగాలకూ ఈ వెయ్యింతల పుణ్యం వర్తిస్తుందా అన్న చర్చ సాగింది. ప్రవక్త కాలపు హద్దుకే పరిమితమని ఇమామ్ నవవీ అన్నారు. ఎంత పెరిగినా మసీదు ఒక్కటేనని ఎక్కువమంది తేల్చారు.

మసీదు లోపల అందరి అడుగులూ వెళ్లే చోటు రౌజా. ‘నా ఇంటికీ నా మింబరుకూ మధ్య ఉన్నది స్వర్గవనాల్లో ఒక వనం’ అన్న హదీసు దానికి ఆధారం. సుమారు 22 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఈ హదీసును కొందరు అక్షరాలా తీసుకున్నారు, ఆ నేల స్వర్గానికి చెందిందని. అక్కడి ఆరాధన స్వర్గానికి దారి తీస్తుందని మరికొందరు. ఏ అర్థం తీసుకున్నా హద్దులు మాత్రం గమనించదగ్గవి. ఒక కొస ఇల్లు, ఇంకో కొస మింబరు, అంటే ప్రసంగ వేదిక. ఇంట్లో భార్యాబిడ్డలతో గడిపే మనిషికీ, వేదికెక్కి పదిమందికి చెప్పే మనిషికీ మధ్య ఉన్న ఆ కొద్ది అడుగుల దారినే స్వర్గవనం అన్నారు. చెప్పే మాటకూ ఇంటి నడతకూ మధ్య ఎడం లేని జీవితం అక్కడ నడిచింది.

ఆ మింబరు రాకముందు ప్రవక్త ఒక ఖర్జూరపు మొద్దుకు ఆనుకుని మాట్లాడేవారు. వడ్రంగి పని తెలిసిన సేవకుడున్న ఒక మదీనా స్త్రీ చొరవతో మింబరు తయారైంది. శుక్రవారం నాడు ఆయన మొద్దును దాటి వెళ్లి దానిపై కూర్చున్నారు. మొద్దు ఏడ్చింది. కడుపుతో ఉన్న ఒంటె మూలిగినట్టు ఉందని ఒకరు, పసిబిడ్డ ఏడ్చినట్టు ఉందని ఇంకొకరు. అక్కడున్నవాళ్లంతా విన్నారు. ప్రవక్త దిగి వచ్చి దాన్ని దగ్గరకు తీసుకుంటే, సముదాయించిన బిడ్డలా వెక్కి వెక్కి ఊరుకుంది. తన దగ్గర వినబడే దైవస్మరణ దూరమైనందుకు ఏడ్చిందని ఆయన చెప్పారు. ఈ కథనాన్ని ఒకరిద్దరు కాదు, చాలామంది సహచరులు చెప్పారు. ఎండుకట్టెకే అంత బెంగ ఉంటే మనుషులకు ఎంత ఉండాలని తర్వాతి తరం పండితుడు హసన్ బస్రీ తలచుకుని ఏడ్చేవారట. శతాబ్దాలుగా యాత్రికులు మదీనా పొలిమేరలో కళ్లనీళ్లు పెట్టుకోవడం వెనక ఈ మొద్దు ఉంది.

ప్రేమ ఇంత గాఢంగా ఉన్నచోట అది ఆరాధనగా మారే ప్రమాదమూ ఉంటుంది. 632లో ప్రవక్త మసీదును ఆనుకుని ఉన్న ఆయిషా గదిలో కన్నుమూశారు, అక్కడే ఖననమయ్యారు. ఆయన పోలేదని ఉమర్ ఆవేశంతో కేకలు వేస్తుంటే అబూ బక్ర్ జనం ముందు నిలబడి అన్న మాట ఇస్లాం చరిత్రలో చెక్కు చెదరకుండా ఉంది: ‘ముహమ్మద్‌ను ఆరాధించినవారు తెలుసుకోండి, ముహమ్మద్ మరణించారు. అల్లాహ్‌ను ఆరాధించినవారు తెలుసుకోండి, అల్లాహ్ సజీవుడు, మరణం లేనివాడు.’ అందరికన్నా ఆయన్ను ఎక్కువ ప్రేమించిన స్నేహితుడి నోట, ఆ దుఃఖంలో, ఆ మాట వచ్చింది. నా సమాధిని పండుగ చేసుకునే చోటుగా చేయకండని ప్రవక్త కూడా ముందే హెచ్చరించి ఉన్నారు. సమాధి దర్శనం కోసమే ప్రయాణం కట్టవచ్చా, మసీదు కోసం వెళ్లి అక్కడ సలాము చెప్పాలా అన్న విషయంపై పద్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ తైమియా, తఖీయుద్దీన్ సుబ్కీ వంటి పెద్దలు గట్టిగా వాదించుకున్నారు. ఆ భేదం నేటికీ ఉంది. మొక్కేది మాత్రం అల్లాహ్‌కే అన్న విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. మదీనా వెళ్లడం హజ్‌లో విధి కాదన్నదీ అంతే స్పష్టం. ఎవరూ ఆజ్ఞాపించకపోయినా వెళ్లకుండా ఉండలేకపోవడమే దాని ప్రత్యేకత.

తర్వాత కట్టడం పెరుగుతూ పోయింది. 638లో విస్తరించినప్పుడు అప్పటి ఖలీఫా ఉమర్ పనివాళ్లకు చెప్పింది ఒక్కటే. జనానికి వాన తగలకుండా చూడు, ఎర్ర రంగులూ పసుపు రంగులూ వేసి వాళ్ల మనసు చెదరగొట్టకు. తర్వాతి ఖలీఫా ఉస్మాన్ కాలంలో చెక్కిన రాయి, టేకు కప్పు వచ్చాయి. 1256లో, 1481లో మంటల్లో చిక్కుకుని మళ్లీ లేచింది. సమాధి గదిపై గుమ్మటం 1279లో ఈజిప్టును ఏలిన మమ్లూకుల చేర్పు, దానికి ఆకుపచ్చ రంగు 1837లో ఉస్మానియా తుర్కుల కాలంలో పడింది. అంటే నేడు మదీనా అనగానే క్యాలెండర్ల మీద కనిపించే ఆ పచ్చ గుమ్మటానికి ఆ రంగు వచ్చి రెండు వందల ఏళ్లు కూడా కాలేదు. ఈనాడు ఆవరణలో 250 పెద్ద గొడుగులు పొద్దున విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటాయి.

ఈ మార్పులన్నిటిలో ఒకదాని గురించి మాత్రం బాధ చరిత్రలో నమోదైంది. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ ఆజ్ఞతో 707 ప్రాంతంలో మసీదును పెంచడానికి ప్రవక్త భార్యల గదులను కూల్చారు. పచ్చి ఇటుకల గదులు, ఖర్జూరపు మట్టలు. చిన్నప్పుడు వాటిలోకి వెళ్లి కప్పును చేత్తో అందుకునేవాణ్నని హసన్ బస్రీ చెప్పేవారు. కూల్చిన రోజు మదీనాలో జనం ఏడ్చారు. వాటిని అలాగే ఉంచితే ఎంత బాగుండేదని పండితుడు సయీద్ బిన్ ముసయ్యిబ్ అన్నారు. దూరాల నుంచి వచ్చేవాళ్లూ రేపటి పిల్లలూ ప్రవక్త ఎంత తక్కువతో తృప్తి పడ్డారో కళ్లతో చూసేవారు కదా అన్నది ఆయన బాధ. మసీదు వైభవం పెరిగే కొద్దీ ఆ మాట బరువు పెరుగుతూనే వచ్చింది. చూపించాల్సింది ఆ చేతికందే కప్పు. అది ఇక లేదు కాబట్టి విన్న మాటల్లోంచే దాన్ని తిరిగి కట్టుకోవాలి.

తెలుగు నేలకు ఈ మసీదుతో ఉన్న బంధం ఊళ్లలో, ఇళ్లలో కనిపిస్తుంది. హైదరాబాద్‌లో చార్మినార్ వైపు వెళ్లే బస్సు ఎక్కినవాళ్లకు మదీనా స్టాపు తెలియకుండా ఉండదు. అక్కడి మదీనా బిల్డింగ్ అద్దెలు ఒకప్పుడు ఆ పుణ్యనగరాల్లోని పేదల కోసం వెళ్లేవని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకొంటారు. హజ్‌కు వెళ్లిన మనవాళ్లు మదీనాలో సాధారణంగా ఎనిమిది రోజులుంటారు. వరసగా నలభై నమాజులు అక్కడ చేయాలన్న కోరిక దానికి కారణం. ఆ నలభై లెక్కకు ఆధారమైన హదీసు బలహీనమని చాలామంది పండితులు అంటారు. అయినా ఆ ఎనిమిది రోజులను వదులుకోవడానికి ఎవరికీ మనసొప్పదు.

రౌజాలోకి ఇప్పుడు ఫోన్‌లో ముందుగా సమయం తీసుకుని వెళ్లాలి. దొరికేది కొద్ది నిమిషాలే. రెండు రకాతుల (ఆవృత్తుల) నమాజు చేసుకునేసరికి వెనక వరస కదులుతూ ఉంటుంది. అక్కడి నుంచి ప్రవక్త సమాధి ముందు సలాము చెప్పే జాలీల వైపు మళ్లినప్పుడు మన ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లకు ఇంకో పని మిగిలి ఉంటుంది. బయల్దేరే రోజున గుమ్మం దాకా వచ్చిన బంధువులు, ఇరుగుపొరుగు, మంచం దిగలేని పెద్దలు, మా సలాము కూడా చెప్పమని చేతులు పట్టుకుని అడిగి ఉంటారు. ఒక్క పేరూ మరిచిపోకూడదని కాగితం మీద రాసుకుని వెళ్లేవాళ్లున్నారు. తన సలాము అయ్యాక ఆ కాగితం తీసి, జనం నెడుతున్నా తొందరపడకుండా, ఒక్కొక్క పేరే మెల్లగా చదువుతారు.